ఇద్దరమ్మాయిల ప్రేమకథ, విజయనగరంలో సినిమా షెడ్యూల్: నిదానంగా నడపాలంటే ఏం మార్చాలి?

నాగావళిగట్టు
సీరియల్ నవలకి ప్లాన్ వేశాను. 40 అధ్యాయాలు, ఒక్కొక్కటి 1500 పదాలు. పైడి, 29 ఏళ్ళు, నెల్లిమర్ల పక్క పల్లె, నాటకాల్లో వేషాలు వేసిన మనిషి. ఒక సినిమాలో హీరోయిన్‌కి ఉత్తరాంధ్ర యాస నేర్పడానికి పెట్టుకుంటారు. హీరోయిన్ సాయలీ, 27, పుణె అమ్మాయి, తెలుగు ముక్క రాదు. లొకేషన్లు విజయనగరం కోట, కళింగపట్నం బీచ్. ఇద్దరి మధ్య ప్రేమ మెల్లగా పుట్టాలి.

ఇప్పటి ప్లాన్ (ముసాయిదా కూడా పెట్టాను): 3వ అధ్యాయంలో లాడ్జి నిండిపోయి ఇద్దరికీ ఒకే గది. 12లో తుఫాను, ఇద్దరూ కరెంటు లేని హోటల్లో ఇరుక్కుపోతారు. 15లో ముద్దు. 25లో అపార్థం. 39లో కలుస్తారు. షెడ్యూల్ సంక్రాంతి ముందు. సినిమా పనివాళ్ళూ, కథలు రాసేవాళ్ళూ ఇద్దరూ ఈ ఫోరంలో ఉన్నారు కదా, మొహమాటం లేకుండా చెప్పండి.

క్లాప్‌బోర్డు
ముందు మూడో అధ్యాయం తీసెయ్యండి. హీరోయిన్‌కి గది దొరక్కపోవడం ఏ ప్రొడక్షన్ మేనేజరూ జరగనివ్వడు. ఏ హోటల్, ఏ కారు, క్యారవాన్, మేకప్‌మేన్, హెయిర్‌డ్రెసర్, పర్సనల్ అసిస్టెంట్ - అన్నీ ముందే అగ్రిమెంట్లో రాసుకుంటారు. షూటింగ్ విజయనగరంలో అయినా పెద్ద ఆర్టిస్టులకి బస విశాఖలో ఇస్తారు. రోజూ అరవై కిలోమీటర్లు రావడం, అరవై పోవడం. పైడికి విజయనగరం లాడ్జిలో కాస్ట్యూమ్ అమ్మాయిలతోనో హెయిర్‌డ్రెసర్‌తోనో కలిపి గది వస్తుంది. వాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద పడుకునే దారే లేదు.

గది బదులు కారు వాడుకోండి. విశాఖ నుంచి లొకేషన్‌కి సుమారు గంటన్నర. దారిలో డైలాగులు చదివించమని డైరెక్టరే పైడిని హీరోయిన్ కారెక్కిస్తాడు. దాంతో పైడి తెల్లారగట్ల వేరే బండిలో విశాఖ వెళ్ళి, సాయలీతో వెనక్కి రావాలి. ఆ అదనపు ప్రయాణం గురించి ప్రొడక్షన్ వాళ్ళు సణుగుతారు, అది కూడా రాయండి. కార్లో ముందు సీట్లో అసిస్టెంట్, స్టీరింగ్ దగ్గర అన్నీ వినే డ్రైవరు. వెనక సీట్లో ఇద్దరూ గొంతెత్తి మాట్లాడుకోగలిగేవి ఆ రోజు సీన్ పేపర్లో ఉన్న డైలాగులే. హీరోతో చెప్పాల్సిన 'ఏటలగ సూస్తన్నావు?' అనే మాట పైడి వైపు తిరిగి ఇరవై సార్లు చెప్పాలి. మీకు పది అధ్యాయాలు ఇక్కడే దొరుకుతాయి.

ఇంకోటి. హైదరాబాద్‌లో ప్లాన్ చేసుకొచ్చిన కాల్‌టైం (యూనిట్ పనికి హాజరవ్వాల్సిన వేళ) ఇక్కడ పనికిరాదు. విజయనగరంలో సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు ఇరవై నిమిషాలు ముందు వస్తాడు, ముందే పోతాడు. మెత్తటి వెలుతురులో షాట్ కావాలంటే ఆరింటికి లొకేషన్‌లో దిగితే చాలదు, అప్పటికి మేకప్ అయిపోయి ఉండాలి. హీరోయిన్‌కి మేకప్, జుట్టు కలిపి గంటన్నర వేసుకోండి. విశాఖ వెళ్ళి రావడం కూడా కలిపితే మీ కథలో పైడి ఒంటిగంటకే లేచే మనిషి అవుతుంది.

గంటస్తంభం
సంక్రాంతి ముందు తుఫానేంటండీ? మన తీరానికి తుఫాను భయం ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. షెడ్యూల్ అక్టోబరుకి జరపండి. జరిపితే పైడితల్లమ్మ సిరిమానోత్సవం అడ్డొస్తుంది. దసరా తరవాత మంగళవారం కోట చుట్టుపక్కల కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రోజూ ముందురోజూ ఊళ్ళో షూటింగ్ మాటే వద్దు. యూనిట్‌కి సెలవు, పైడికి పండగ. ఆమెకి అమ్మవారి పేరే కదా పెట్టారు, ఇంట్లో ఊరుకుంటారా.

కోట లోపల కాలేజీలున్నాయి. ఆడపిల్లల కాలేజీ కూడా. పని రోజుల్లో అక్కడ హీరోయిన్‌తో సీను తియ్యడం కుదరని పని. ఆదివారం పొద్దున్న, ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, తొమ్మిదిలోపు ముగించేలా రాయండి.

తుఫాను గురించి అసలు సంగతి: హెచ్చరిక రాగానే మొదట పంపించేసేది హీరోయిన్‌నే. కారెక్కించి విశాఖ, అక్కణ్ణుంచి దొరికిన విమానం. లైట్లు దింపడం, జనరేటర్ వ్యాన్‌ని ఎత్తు మీదికి చేర్చడం, సెట్ ప్రాపర్టీ మూటలు కట్టడం కింది యూనిట్ పని. అంచేత తుఫాను వాళ్ళిద్దర్నీ కలపదు, విడగొడుతుంది. పైడి కరెంటు లేని పల్లెలో ఉంటుంది, ఫోన్ టవర్లు పడిపోయి ఉంటాయి. పుణెలో ఆవిడ ఫోన్ చేస్తూనే ఉంటుంది.

వంశధార
బావూ, యాస నేర్పడం గురించి రాసిన ముక్క సగం తప్పుంది. పైడి మొదటి రోజే 'ఒలే' (చనువున్న ఆడమనిషిని పిలిచే పిలుపు), 'గుంట' (పిల్ల), 'ఏటి' నేర్పించేస్తోంది. అలగ నేర్పితే సినిమాలో కామెడీ యాస వస్తాది, మనిషి మాట రాదు. వరస ఇదీ:

మొదటి మూడు రోజులు మాటలు నేర్పకూడదు, వినిపించాలి. ఒకే ఊరి ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసి వాక్యం ఎక్కడ లేస్తాదో, ఎక్కడ పడతాదో పట్టించాలి. శ్రీకాకుళంలో పలికినట్టు విజయనగరంలో పలకరు, పాతపట్నం వైపు మరో రకం. నాలుగూళ్ళవి కలిపేస్తే ఏ ఊరిదీ కాదు.

తరవాత అచ్చుల పొడుగు. సాయలీ మరాఠీ మనిషి కాబట్టి ళ, ణ పలకడం ఆమెకి కష్టం కాదు, వాళ్ళ భాషలోనూ ఉన్నాయి. తంటా అంతా ఎ-ఏ, ఒ-ఓ దగ్గర. మరాఠీలో ఆ తేడా లేదు. డైలాగులు దేవనాగరిలో రాసుకుంటాది కదా, అందులో వాడుకలో ఉన్న ఏత్వం, ఓత్వం ఒక్కొక్కటే. అందుకని పైడి పెన్సిల్‌తో పొట్టి అచ్చు మీద చుక్క, పొడుగు అచ్చు కింద గీత పెట్టాలి. నోటితో చెప్పేటప్పుడు పొట్టి అచ్చుకి వేలు మడవడం, పొడుగు అచ్చుకి వేలు చాపడం. ఈ వేళ్ళ లెక్క గట్టిగా పట్టుకోండి, తరవాత పనికొస్తాది.

మాట చివర కూడా చూడాలి. మరాఠీ వాళ్ళు మాట చివరి అకారం మింగేస్తారు, తెలుగు మాట అచ్చుతోనే ముగుస్తాది. ఆ తరవాత ఒత్తులు: 'ఎల్లి'లో ల్ల మీద నాలుక ఆగాలి. మన 'వచ్చీసినాను', 'తినీసి' లాంటివి రెండో వారంలో. 'ఒలే' ఆఖర్న.

రోజుకి నలభై నిమిషాలు చాలు. అంతకంటే ఎక్కువైతే గొంతు అలిసిపోయి పాత పలుకుబడికి జారిపోతాది.

ఫోలీపిట్ట
అన్నిటికంటే ముందు మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ సినిమా సింక్ సౌండా, డబ్బింగా? మీ ముసాయిదాలో రెండూ కలిసిపోయాయి. ఒక సీన్లో పైడి కెమెరా పక్కనుంచి డైలాగ్ అందిస్తోంది, అదే సీన్లో సౌండ్ రికార్డిస్ట్ 'టేక్ ఓకే' అంటున్నాడు.

డబ్బింగ్ సినిమా అయితే సెట్లో పట్టేది పైలట్ ట్రాక్, తరవాత ఆనవాలుకి మాత్రమే. పైడి గట్టిగా అరిచి ప్రాంప్టింగ్ చెప్పినా పరవాలేదు. సింక్ సౌండ్ అయితే సెట్లో పలికిందే సినిమాలో వినిపిస్తుంది. ప్రాంప్టింగ్ ఉండదు, ఫ్యాన్లు ఆగిపోతాయి, గాజులు తీయిస్తారు, జనరేటర్ వ్యాన్‌ని వంద మీటర్ల అవతల గోడ చాటుకి నెట్టిస్తారు.

నా సలహా ఏమిటంటే, మొదటి షెడ్యూల్ డబ్బింగ్ లెక్కలో నడపండి. పైడి గొంతు ప్రతి డైలాగుకీ ముందు వినిపిస్తుంది, సాయలీ ఆ గొంతు పట్టుకునే నటిస్తుంది. కోట సీన్లకి వచ్చేసరికి డైరెక్టర్ 'ఇవి సింక్‌లో తీద్దాం' అంటాడు. పైడి నోరెత్తడానికి లేదు. ఫ్రేమ్ బయట, సాయలీ చూపు ఆనే చోట నిలబడి, వంశధార గారు చెప్పిన వేళ్ళు మడిచి, చాపి చూపిస్తుంది. యూనిట్ రెండొందల మంది ముందు జరుగుతుంది, ఒక్కరికీ అర్థం కాదు.

కళింగపట్నం సీను మాత్రం సింక్‌లో దక్కదు. అలల హోరు మనిషి గొంతు ఉండే స్థాయిల్నంతా కమ్మేస్తుంది, దాన్ని వడగడితే గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. గాలి విషయం సరేసరి. కాబట్టి బీచ్ సీనుకి డబ్బింగ్ తప్పదు. ఎడిటింగ్ లాక్ అయ్యాక, అంటే షూటింగ్ ముగిసిన కొన్ని నెలలకి. మీకు విడిపోవడానికీ మళ్ళీ కలవడానికీ కారణం దొరికేసింది. 25లో అపార్థం అక్కర్లేదు.

నాగావళిగట్టు
క్లాప్‌బోర్డు గారూ, కారు తీసుకున్నాను. ఫోలీపిట్ట గారూ, సింక్ కూడా. కానీ గది, తుఫాను, అపార్థం మూడూ తీసేశాక 15లో ముద్దు ఎలా పెట్టను? అప్పటికి వాళ్ళు మేడమ్, మీరు దగ్గరే ఉంటారు.

అచ్చుతప్పు
15లో పెట్టకండి. 33కి జరపండి. దానికి ముందు మార్చవలసినవి చాలా ఉన్నాయి, మొదటిది పిలుపు.

సెట్లో హీరోయిన్ అందరికీ 'మేడమ్'. పైడి కూడా అలాగే మొదలుపెట్టాలి. సాయలీ పైడిని ఏమని పిలుస్తుంది? మామూలుగా అయితే పక్కవాళ్ళని చూసి 'అక్కా' అంటుంది, కానీ ఆ పిలుపు పడిందంటే ప్రేమకథని అక్కణ్ణుంచి లాక్కురావడం కష్టం. సినిమా వాళ్ళకి ఏది నేర్పినా మాస్టరే: డాన్స్ మాస్టర్, ఫైట్ మాస్టర్. 'మాస్టర్‌గారూ' అని పిలిపించండి. మొదట మర్యాద, తరవాత వెటకారం, ఆ తరవాత ఇంకెవరూ ఆమెని అలా పిలవకూడదనే పట్టుదల. పైడి వైపు 'మేడమ్' సుమారు 9లో పోవాలి, పేరు 14లో రావాలి, 'నువ్వు' 22కి ముందు రాకూడదు. వంశధార గారు ఆఖర్న నేర్పమన్న 'ఒలే' ముద్దు తరవాతి అధ్యాయానికి దాచండి. అది సాయలీ నోట రావాలి, పొట్టి ఎకారం సరిగ్గా పలికి.

రెండోది వాక్యాలు. మీ ముసాయిదాలో 'సాయలీ కళ్ళలోకి చూడగానే పైడి గుండె వేగంగా కొట్టుకుంది' అన్నది ఏడు చోట్ల ఉంది. ఏడూ కొట్టేయండి. పని రాయండి. ఉదాహరణకి:

'"ఏలగ కాదు, ఎలగ." పైడి వేలు మడిచింది. సాయలీ మళ్ళీ సాగదీసింది. పైడి మళ్ళీ మడిచింది. నాలుగోసారి సాయలీ చెయ్యి చాపి, తనే ఆ వేలు మడిచి, "ఎలగ" అంది. డ్రైవరు అద్దంలో చూసి, "ఇప్పుడు కరెక్టుగా వచ్చింది మేడమ్" అన్నాడు.'

ఇందులో గుండె ఊసు లేదు. డ్రైవరు మాట ఉండటం వల్ల పైడి చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా కుదరదు.

రెండోరీలు
33 అంటే ఎక్కువండి. వారానికి రెండు అధ్యాయాలు పెట్టినా పదహారు వారాలు దాటుతుంది. సీరియల్ చదివేవాళ్ళు అన్నాళ్ళు ఆగరు. 20కల్లా ఒకరికైనా తన సంగతి తనకి తెలియాలి, పాఠకులకీ తెలియాలి.

అచ్చుతప్పు
తెలియడం వేరు, ముద్దు వేరు. 20లో పైడికి తెలిసిపోనివ్వండి, ఒప్పుకుంటాను. పాఠకులు ఆగకపోవడానికి కారణం ఆలస్యం కాదు, అధ్యాయం ముగిసేసరికి ఇద్దరి మధ్యా ఏదీ మారకపోవడం. ప్రతి అధ్యాయం చివర ఒక్కటైనా వెనక్కి తీసుకోలేనిది జరగాలి. పిలుపు మారడం, ఒక అబద్ధం ఆడటం, ఒకరి వాయిస్ మెసేజ్ ఇంకొకరు చెరపకుండా దాచుకోవడం లాంటివి. మీ 16 నుంచి 19 వరకు అలాంటిది ఒక్కటీ లేదు. ఆ నాలుగూ కలిపి ఒకటి చెయ్యండి.

రెండోరీలు
అదైతే సరే. ఇంకా ఒకటి అనిపిస్తోంది: 20లో తెలియవలసింది పైడికి కాదు, సాయలీకి. ఓడిపోతే ఎక్కువ పోయేది ఆవిడకి. పైడికి తెలుసో లేదో పాఠకులు ఊహించుకోనీండి.

పడుగూపేకా
సెట్లో హీరోయిన్‌ని ముట్టుకునే హక్కు ముగ్గురికే: మేకప్, జుట్టు, కాస్ట్యూమ్. యాస నేర్పే మనిషి కుచ్చిళ్ళు సర్దితే కాస్ట్యూమ్ వాళ్ళు ఊరుకోరు. కంటిన్యుటీ (షాటు షాటుకీ అన్నీ ఒకేలా కనిపించడం) దెబ్బతింటుందని అక్కడికక్కడే అరుస్తారు. మీ 8వ అధ్యాయంలో పైడి కొంగు సర్దుతోంది, మార్చండి. వేలు మడవడమే మొదటి స్పర్శగా ఉండనివ్వండి.

చీర గురించి: సాయలీ పాత్రకి పొందూరు ఖద్దరు అన్నారు. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన నూలు అది. ఒక చీరలా ఇంకోటి ఉండదు. బీచ్‌లో తడిసే సీనుంటే కనీసం మూడు జతలు కావాలి. మూడూ ఒకే పడుగు (మగ్గం మీద నిలువు నూలు) మీద నేయించకపోతే కెమెరాలో తేడా పట్టిస్తుంది. ఉప్పునీళ్ళలో తడిసిన చీరని వెంటనే మంచినీళ్ళలో జాడించకపోతే ఆరాక తెల్లటి చారలు పడతాయి. మూడో చీర కూడా పాడైతే ఆ రోజుకి ప్యాకప్. ఒక పూట ఖాళీ సమయం కావలసినప్పుడు తుఫాను కంటే ఇది నమ్మకంగా ఉంటుంది.

లాపాయింట్
ఇద్దరి స్థాయి మధ్య తేడాని మీరు తేలిగ్గా వదిలేశారు. సాయలీ ఒక్క మాటంటే పైడి పని పోతుంది. పైడి ఒక్క ఫోటో బయటపెడితే సాయలీ పేరు పోతుంది. అందుకే మొదటి అడుగు ఎవరు వేస్తారన్నది ముఖ్యం. షెడ్యూల్ ముగిసి, పైడికి డబ్బులు ముట్టాక వెయ్యనివ్వండి. 33వ అధ్యాయం అనడానికి ఇది ఇంకో కారణం.

చట్టం సంగతి క్లుప్తంగా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో ఇష్టపడ్డ మేజర్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. మీ 30లో పోలీసు బెదిరింపు ఐపీసీ 377వ సెక్షన్ పేరుతో ఉంది, అది చెల్లదు. బెదిరించాలంటే పరువు పేరుతో, ఇంట్లోవాళ్ళ పేరుతో బెదిరిస్తారు. 2023 అక్టోబరు 17 తీర్పులో పెళ్ళి హక్కు ఇవ్వలేదు, కాబట్టి 40లో రిజిస్టర్ పెళ్ళి తీసెయ్యండి. జాయింట్ బ్యాంక్ ఖాతా తెరవచ్చు, ఒకరినొకరు నామినీగా రాసుకోవచ్చు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఆ సంగతి స్పష్టం చేసింది. బ్యాంకు కౌంటర్లో ఫారం నింపుతూ 'సంబంధం' అనే గడి దగ్గర ఆగే సీను మీకు పెళ్ళి సీను కంటే ఎక్కువ పని చేస్తుంది.

పైడి వాళ్ళ మేనమామని విలన్ చెయ్యకండి. 'పిల్లకి ముప్పై వస్తన్నాయి, మావోడు సూస్తన్నాడు' అని అన్నం పెడుతూ చెప్పే మేనమామే కష్టం. అతని మీద కోపం తెచ్చుకోవడానికి లేదు.

నాగావళిగట్టు
కొత్త ప్లాన్: 1–13 పాఠాలు, కారు. 14–19 కోట, సింక్, వేళ్ళు (మధ్యలో చీర పాడైన పూట). 20లో సాయలీకి తెలుస్తుంది. 21–24 బీచ్, తుఫాను హెచ్చరిక, సాయలీ వెళ్ళిపోవడం. 25–29 ఖాళీ నెలలు. 30 నుంచి హైదరాబాద్, డబ్బింగ్. సాయలీ తనే డబ్బింగ్ చెప్పుకుంటానంటుంది, నిర్మాతకి ఆమె యాస మీద నమ్మకం లేక పైడినే చెప్పమంటాడు. పైడికి అది పెద్ద డబ్బు. ఒప్పుకుంటే సాయలీ గొంతు తీసేసినట్టు. ఇక్కడ ఇరుక్కున్నాను. ముద్దు దగ్గరికి ఎలా తిప్పాలి?

ఫోలీపిట్ట
పెదవులు చూడండి. డబ్బింగ్‌లో మాట మార్చవచ్చు గానీ ప, బ, మ దగ్గర పెదవులు మూసుకోవాలి. క్లోజప్‌లో పెదవులు మూసుకున్న చోట మూసుకునే అక్షరమే పడాలి, లేకపోతే అతకదు.

బీచ్ సీన్లో సాయలీ పాత్ర చివరి డైలాగు 'మరి నానెల్లిపోతాను' అని తీశారనుకోండి. పెదవులు మూసుకునేవి రెండు చోట్ల: మ, పో. దాన్ని 'మరి నానుండిపోతాను' చెయ్యవచ్చు. మ, పో అక్కడే ఉన్నాయి, అక్షరాల లెక్క అంతే, నిడివి అంతే. ఒకే తేడా: 'నె' దగ్గర పెదవులు పక్కకి సాగుతాయి, 'ను' దగ్గర గుండ్రంగా ముందుకొస్తాయి. ఎదురు క్లోజప్‌లో పట్టేస్తారు. పక్కనుంచో, ఎదుటి మనిషి భుజం మీదుగా తీసిన సజెషన్ షాట్‌లోనో ఎవరికీ తెలియదు. కాబట్టి 23లో ఆ డైలాగుని సజెషన్‌లో తీసినట్టు ఇప్పుడే ఒక ముక్క రాసి పెట్టుకోండి.

డబ్బింగ్ థియేటర్లో ఎలా జరుగుతుందంటే, ఆ ముక్కని మళ్ళీ మళ్ళీ తెర మీద వేస్తారు. హెడ్‌ఫోన్స్‌లో పైలట్ ట్రాక్ వినిపిస్తుంది, అందులో డైలాగుకి ముందు ప్రాంప్టింగ్ చెబుతున్న పైడి గొంతు కూడా ఉంటుంది. నెలల కిందటి అలల మధ్య ఇద్దరి గొంతులూ. సాయలీ మైక్‌కి జానెడు దూరంలో నిలబడి, డైరెక్టర్ ఒప్పుకున్న మార్పు ప్రకారం 'ఉండిపోతాను' చెబుతుంది. మార్పు అడిగింది ఎవరన్నది మీ ఇష్టం. నేనైతే పైడి చేత అడిగిస్తాను: నిర్మాత ఇచ్చిన పని వద్దని చెప్పి, 'ఆవిడ చేతే చెప్పించండి, నాను నిలబడి సరిచేస్తాను' అని. బూత్ అద్దానికి ఇవతల ఇంజినీరు పక్కన కూర్చుని మళ్ళీ వేళ్ళు. ముద్దు ఆ రాత్రికి పెట్టుకోండి, బూత్‌లో వద్దు. ఇంజినీరు ఎప్పుడూ ఉంటాడు, మైకు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

మార్పు సెన్సార్‌కి పంపే ముందే జరగాలి, ఆ తేదీ సరిచూసుకోండి.

వంశధార
పైడి సరిచేసేది ఏటో కూడా రాయండి మరి. 'ఉండి'లో డి మీద సాయలీ ఆగిపోతాది, 'పోతాను' విడిగా పడతాది. రెండూ అతికించి పలకాలి. అది కుదరక ఎనిమిది టేకులు పోయాయంటే ఎవరైనా నమ్ముతారు.

క్లాప్‌బోర్డు
టైటిల్స్‌లో పైడి పేరు 'యాస శిక్షణ' అని వస్తుందా రాదా అన్నది 38లో తేల్చండి. చాలా సినిమాల్లో రాదు. రావాలంటే సాయలీ పట్టుబట్టాలి. పట్టుబట్టిందంటే ఎందుకని అడుగుతారు, ఆమె దగ్గర చెప్పడానికి జవాబుండాలి.

పడుగూపేకా
36లో డబ్బింగ్ బూత్‌లో ఇద్దరి చేతా టీ తాగించారు, పైగా సాయలీ చేతికి గాజులు. బూత్‌లోకి టీ తేనివ్వరు, గాజులు బయటే తీయిస్తారు. గోరువెచ్చటి నీళ్ళ సీసా పెట్టండి.

నాగావళిగట్టు
మార్చాను. గాజులు పైడి చేతిలో పెట్టి లోపలికెళ్ళినట్టు రాశాను. మొదటి ఐదు అధ్యాయాలు వచ్చే వారం ఇదే చర్చలో పెడతాను.